వైద్యం మాని బ్యాంకు పెట్టిన పట్టాభి గారు



ఈ ప్రత్యేక సంచికలో గతించిన పెద్దల జీవితాలు ప్రచురిస్తున్నామని, నన్ను కూడా ఒకరిని గురించి వ్రాయమని కార్యదర్శి గారు కబురు చేశారు. రాజకీయ నాయకులను గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ముప్పయ్యారేళ్ళు బిల్లులు, చలానాలు, రిజిస్టర్ల మధ్య గడిపిన గుమస్తాను నేను. అందుచేత నెల జీతానికి, నెల పింఛనుకు సంబంధం ఉన్న ఒక మహనీయుని ఎంచుకున్నాను. ఆయనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. కాంగ్రెసు నాయకునిగా ఆయన అందరికీ తెలుసు. తెలుగు పిల్లలకు బ్యాంకు గుమస్తా, క్యాషియరు, ఇన్సూరెన్సు ఏజెంటు అనే కొత్త కొలువులు చూపిన మనిషిగా ఆయనను తలచుకొనేవారు తక్కువ. నేను ఆ వైపు నుండే ఆయన జీవితం చెప్పదలచాను.

పట్టాభి గారు 1880 నవంబరు 24వ తేదీన ఏలూరుకు సమీపంలోని గుండుగొలను గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేడు ఏలూరు జిల్లాలో ఉన్నది. సంపన్న కుటుంబం కాదు. చిన్నతనంలోనే తండ్రి గతించడంతో సంసార భారమంతా తల్లి మీద పడింది. ఏలూరులో మిషన్ బడి చదువు, బందరు నోబుల్ కళాశాలలో ఎఫ్.ఏ., మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో బి.ఏ., ఆ తరువాత మద్రాసులోనే వైద్య పట్టా. తండ్రి లేని పల్లెటూరి పిల్లవాడు ఆ రోజుల్లో అంతవరకు వెళ్ళడం సామాన్యం కాదు. అంత చదివినవారు సాధారణంగా మద్రాసులోనే స్థిరపడేవారు. ఆయన మాత్రం బందరుకు తిరిగి వచ్చి వైద్యం ప్రారంభించారు.

అదే సమయంలో, 1906 అక్టోబరులో, మద్రాసులో పేరుమోసిన ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. అది ఇంగ్లీషువారి సంస్థ. దొరల కంపెనీ గనుక డబ్బు భద్రమని నమ్మి దాచుకున్న వేలాది కుటుంబాలు ఒక్క రోజులో నష్టపోయాయి. ఆ దెబ్బ తరువాతనే మన పొదుపును మన చేతిలోనే ఉంచుకోవాలనే ఆలోచన దక్షిణాదిలో బలపడింది. 1907లో మద్రాసులో ఇండియన్ బ్యాంకు వెలిసింది. స్వదేశీ ఉద్యమం సాగుతున్న రోజులవి. మన బట్ట, మన బడి అన్నట్టే మన బ్యాంకు అనే మాట కూడా వచ్చింది.

బడి విషయంలో పట్టాభి గారు ముందే పూనుకొన్నారు. కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారితో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టినవారిలో ఆయన ఒకరు. అయితే చదువుకున్న పిల్లవానికి ఆ తరువాత బ్రతుకు తెరువు కావాలి కదా. అప్పట్లో చదువుకున్న తెలుగువానికి ఉన్న దారులు మూడే: సర్కారు కొలువు, బడిపంతులు పని, ప్లీడరు వృత్తి. పెద్ద బ్యాంకులలో పైస్థానాలన్నీ దొరలవి. పల్లెల్లో ఋణం ఇచ్చేది షాహుకారు ఒక్కడే. రైతు చెమటోడ్చి సంపాదించింది వడ్డీ రూపంలో పోయేది. కాస్త మిగిల్చుకున్నవాడు దానిని గోడలోనో, కుండలోనో, బంగారంగానో దాచేవాడు. అలా దాగిన సొమ్ము వల్ల ఎవరికీ ఉద్యోగం రాదు.

ఈ సంగతి గ్రహించిన పట్టాభి గారు మొదట సహకార మార్గం పట్టారు. 1915లో బందరులో ఏర్పడిన కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో ఆయనది ముఖ్యపాత్ర. మరుసటి సంవత్సరం, 1916లో, బాగా సాగుతున్న వైద్యాన్ని విడిచిపెట్టి పూర్తిగా దేశసేవలోకి దిగారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పయ్యారు. సంసారం గల మనిషి చేతిలోని వృత్తిని వదులుకోవడం ఎంత కష్టమో ఉద్యోగం చేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ తరువాత ఏడేండ్లకు వచ్చినదే ఆంధ్రా బ్యాంకు. 1923 నవంబరు 20న రిజిస్టరు అయి, 28వ తేదీన బందరులో వ్యాపారం ప్రారంభించింది. చెల్లించిన మూలధనం 1 లక్ష రూపాయలు, అధీకృత మూలధనం 10 లక్షలు. 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలిసి ఏర్పడిన ఇంపీరియల్ బ్యాంకు ముందు ఇది చాలా చిన్న మొక్క. ఆంధ్ర రాష్ట్రం అప్పటికి లేదు. అది రావడానికి ఇంకా 30 సంవత్సరాలు పట్టింది. రాష్ట్రం కంటే ముందు ఆంధ్ర అనే పేరుతో బ్యాంకు వచ్చిందన్నమాట.

1925లో అదే బందరులో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ. ఈ సంస్థలన్నిటి వెనుకా పట్టాభి గారు ఉన్నారు. ఒకే మనిషి ఇరవై ఏండ్లలో సహకార బ్యాంకు, వాణిజ్య బ్యాంకులు, బీమా కంపెనీలు నెలకొల్పడం తెలుగునాట మరెక్కడా కానరాదు.

ఒక బ్యాంకు శాఖ తెరిస్తే ఏమేమి కావాలో లెక్క వేయండి. లెడ్జర్లు వ్రాసే గుమస్తాలు కావాలి. రొక్కం లెక్కపెట్టే క్యాషియరు కావాలి. బంగారం తూచే కంసాలి కావాలి. తాళాలు పట్టే ఏజెంటు కావాలి. ఆ రోజుల్లో బ్రాంచి మేనేజరును ఏజెంటు అనేవారు. బంట్రోతు, కాపలాదారు కావాలి. బీమా కంపెనీకైతే ఊరూరా తిరిగి పాలసీలు కట్టించే ఏజెంట్లు, ప్రతిపాదకుని పరీక్షించే డాక్టరు, ప్రీమియం లెక్కలు కట్టే ఉద్యోగులు కావాలి. ఎస్.ఎస్.ఎల్.సి. చదివి చేతివ్రాత కుదురుగా ఉన్న పిల్లవానికి సర్కారు కొలువు దొరకకపోయినా మరొక తలుపు తెరుచుకున్నది.

ఇంకొక సంగతి. తాను నెలకొల్పిన సంస్థలలో ఉత్తర ప్రత్యుత్తరాలు తెలుగులో సాగాలని పట్టాభి గారు పట్టుబట్టేవారు. ఇంగ్లీషులో ఆయన గొప్ప రచయిత. 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక స్వయంగా నడిపారు. అటువంటివారు బ్యాంకులో తెలుగు కోరడానికి కారణం ఉన్నది. డబ్బు తెచ్చి దాచుకొనే రైతుకు తాను సంతకం పెట్టే కాగితంలో ఏముందో తెలియాలి. తెలియని కాగితం మీద వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్నవారిని మన మెట్ట ప్రాంతంలో ఎవరు చూడలేదు?

ఆయన రాజకీయ జీవితం కూడా క్లుప్తంగా చెప్పాలి. 1913 బాపట్ల మహాసభ నాటి నుండి ఆంధ్ర రాష్ట్రం కోసం వాదించారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవాల సందర్భంగా కాంగ్రెసు చరిత్రను ఇంగ్లీషులో బృహద్గ్రంథంగా వ్రాశారు. 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాస్ చంద్ర బోస్ గారితో పోటీపడి ఓడిపోయారు. బోస్ గారికి 1580, ఆయనకు 1377 ఓట్లు వచ్చాయి. గాంధీజీ ఆ ఓటమిని తన ఓటమిగానే చెప్పుకున్నారన్నది లోకవిదితం. 1942లో క్విట్ ఇండియా తీర్మానం మరునాడే నెహ్రూ, పటేల్, ఆజాద్ ప్రభృతులతో పాటు అరెస్టయి, అహమ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేండ్లు నిర్బంధంలో ఉన్నారు. అక్కడ వ్రాసుకున్న దినచర్య తరువాత పుస్తకంగా వచ్చింది.

1948లో పురుషోత్తమదాస్ టాండన్ గారిపై గెలిచి జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. భాషారాష్ట్రాల విషయమై ఏర్పడిన నెహ్రూ, పటేల్, పట్టాభి సంఘం 1949లో నివేదిక ఇచ్చింది. మిగతా రాష్ట్రాలను వాయిదా వేయవచ్చునని, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చునని దాని సారాంశం. జీవితమంతా ఆంధ్ర రాష్ట్రం కోరిన మనిషి మద్రాసు లేని రాష్ట్రానికి సంతకం పెట్టినందుకు ఆనాడు నిందలు పడ్డారు. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17వ తేదీన తమ 79 ఏండ్ల వయస్సులో పరమపదించారు.

సాధారణంగా జీవిత చరిత్ర ఇక్కడితో ముగుస్తుంది. పట్టాభి గారి విషయంలో అసలు సంగతి ఇక్కడి నుండి చూడాలి. మనిషి పోయిన తరువాత ఆయన పెట్టిన సంస్థలు ఏమయ్యాయి, వాటిని నమ్ముకున్న ఉద్యోగులు ఏమయ్యారు?

బీమా కంపెనీ సంగతి ఆయన బ్రతికి ఉండగానే తేలిపోయింది. 1956 జనవరి 19న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా జీవిత బీమాను స్వాధీనం చేసుకొన్నది. అదే సంవత్సరం సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడింది. దేశం మొత్తం మీద 245 సంస్థలు అందులో కలిశాయి. బందరు ఆంధ్రా ఇన్సూరెన్సు వాటిలో ఒకటి. కంపెనీ పేరు పోయింది. ఉద్యోగులు మాత్రం రోడ్డున పడలేదు. చట్టం ప్రకారం వారు జీవిత బీమా సంస్థ ఉద్యోగులయ్యారు. పాలసీదారులకు ఇచ్చిన హామీ యథాతథంగా కొనసాగింది. భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 1969 నాటి 14 బ్యాంకుల జాతీయీకరణలో లేదు. 1980 ఏప్రిల్ 15న మరి ఐదు బ్యాంకులతో పాటు ప్రభుత్వ పరమైంది.

ఈ మధ్య కాలంలోనే బ్యాంకు ఉద్యోగం అంటే గౌరవం పెరిగింది. అంతకుముందు గుమస్తా జీతం యజమాని దయ. 1946లో అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం ఏర్పడి పోరాడిన ఫలితంగా శాస్త్రి అవార్డు, దేశాయ్ అవార్డు, 1966లో మొదటి ద్వైపాక్షిక ఒప్పందం వచ్చాయి. స్కేలు, ఇంక్రిమెంటు, కరువు భత్యం అన్నవి బ్యాంకు గుమస్తాకు కూడా హక్కులయ్యాయి. 1970, 80 దశకాలలో బ్యాంకు ఉద్యోగం వచ్చిన పిల్లవానికి సంబంధాలు ఎలా వచ్చేవో మన ఇళ్ళలోని పెద్దవారికి గుర్తుండే ఉంటుంది.

మా వరికుంటపాడు సంగతి చెబుతాను. అప్పట్లో మాది ఉదయగిరి తాలూకా. 1985లో మండలాలు వచ్చిన తరువాత మా ఊరే మండల కేంద్రమైంది. వాన పడితే పంట, లేకుంటే వలస అన్నట్టుండే మెట్ట భూములు. నెల్లూరు పోయి రావాలంటే ఒక రోజంతా పట్టేది. 1972లో నేను ఉద్యోగంలో చేరిన నాటికి మా ప్రాంతపు రైతుకు అప్పంటే ప్రామిసరీ నోటు, నూటికి మూడు రూపాయల వడ్డీ. బ్యాంకు లేని చోట సర్కారు సొమ్ము సబ్ ట్రెజరీ ఇనప్పెట్టెలోనే ఉండేది. దానికి పోలీసు కాపలా. బ్యాంకులు జాతీయమైన తరువాతనే శాఖలు మా మెట్టకు నడిచి వచ్చాయి. 1982లో నెల్లూరు జిల్లాకు పినాకినీ గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. టై కట్టుకొని వచ్చే ఆఫీసరు కాకుండా మన యాసలో మాట్లాడే గుమస్తా కౌంటరులో కనిపించాడు. ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు వైపు పిల్లలు కూడా పరీక్షలు వ్రాసి బ్యాంకు కొలువులు సంపాదించారు. పట్టాభి గారు బందరులో వేసిన బాట ఇన్నేండ్లకు మా గడప దాకా వచ్చిందని నేను అనుకొంటాను.

తరువాత యంత్రాలు వచ్చాయి. 1993 అక్టోబరు 29న బ్యాంకు ఉద్యోగులకు రెండు ముఖ్యమైన ఒప్పందాలు జరిగాయి. ఒకటి కంప్యూటర్లను గురించి, రెండవది పింఛను గురించి. ఒక చేత్తో పింఛను వచ్చింది, మరొక చేత్తో లెడ్జరు పోయింది. 2000-2001లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద ప్రభుత్వ రంగ బ్యాంకుల నుండి లక్ష మందికి పైగా ఉద్యోగులు బయటకు వెళ్ళారు. ఆ ఖాళీలు చాలాకాలం భర్తీ కాలేదు. మళ్ళీ ఉద్యోగాలు వేసే నాటికి షరతులు మారాయి. 2010 ఏప్రిల్ 1 తరువాత బ్యాంకులో చేరినవారికి పాత పింఛను లేదు, కొత్త పింఛను పథకం మాత్రమే. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఆ మార్పు 2004 సెప్టెంబరు 1 నుండే వచ్చింది. పాత బ్యాంకు పెన్షనర్లు పింఛను సవరణ కోసం ఏండ్ల తరబడి అడిగితే 2024 మార్చి ఒప్పందంలో దక్కింది నెలసరి ఎక్స్‌గ్రేషియా మొత్తం.

బీమా రంగంలో మార్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలకు మళ్ళీ ద్వారాలు తెరిచారు. 2022లో జీవిత బీమా సంస్థ షేర్లు ప్రజలకు అమ్మిన నాటికి అందులో ఉద్యోగులు సుమారు 1 లక్ష, ఏజెంట్లు 13 లక్షలకు పైగా. అంటే నెల జీతం గలవాడు ఒకడుంటే కమీషను మీద బ్రతికేవారు పదముగ్గురు. ఏజెంటు పని హీనమని నా అభిప్రాయం కాదు. పట్టాభి గారి కాలంలో కూడా ఏజెంట్ల కాళ్ళ మీదనే బీమా ఊరూరికీ వెళ్ళింది. అయితే ఇప్పుడు బ్యాంకు పని కూడా ఆ దారినే నడుస్తున్నది. పల్లెలో వేలిముద్ర యంత్రం పట్టుకొని తిరిగే బ్యాంకు మిత్ర, అప్పులు వసూలు చేసే కుర్రవాడు, ఫోనులో కార్డులు అమ్మే అమ్మాయి, వీరంతా బ్యాంకు పనే చేస్తారు. వీరిలో ఎక్కువమంది పేర్లు బ్యాంకు జీతాల పట్టికలో ఉండవు. వీరికి సర్వీసు రిజిస్టరు లేదు.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 97వ యేట ఆ పేరు బోర్డుల మీద నుండి దిగింది. పేరైనా ఉంచమని తెలుగువారు చాలామంది కోరారు. అది జరగలేదు. ముఖ్య కార్యాలయం ముంబయి అయింది. మన పినాకినీ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటై ఆంధ్ర ప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడ్డాయి. దానిని ప్రాయోజకం చేస్తున్నది ఆ యూనియన్ బ్యాంకే. పట్టాభి గారి బ్యాంకు వంశం ఆ విధంగా చుట్టు తిరిగి మా మెట్ట ఊళ్ళకు వచ్చింది.

పేరు పోయినందుకు నాకూ బాధ కలిగింది. కాని ఒకటి గమనించాను. ఆంధ్రా బ్యాంకులో పనిచేసి రిటైరైనవారికి పింఛను ఆగలేదు. ఖాతాదారుని డిపాజిట్టు పోలేదు. బందరు కంపెనీలో పాలసీ కట్టినవాని కుటుంబానికి ఇవ్వవలసిన బాధ్యతను జీవిత బీమా సంస్థ తీసుకొన్నది. బ్యాంకన్నా, బీమా అన్నా, పింఛనన్నా మూలం ఒక్కటే. ఈ రోజు ఒకరు మాట ఇస్తారు. ఇరవై, ముప్పై ఏండ్ల తరువాత, ఇచ్చిన మనిషి లేకపోయినా, మరొకరు ఆ మాట చెల్లించాలి. పట్టాభి గారు ఇటువంటి మాట నిలబెట్టే సంస్థలను కట్టారు. అందుకే తమ పేరు పెట్టుకోకుండా ఆంధ్ర అని, భారత లక్ష్మి అని, హిందుస్థాన్ అని పెట్టారు.

నేటి పిల్లల ఉద్యోగాల తీరును కూడా నేను ఈ కొలతతోనే చూస్తాను. మా మనుమడు నంద్యాలలో కోచింగు తీసుకొని బ్యాంకు పరీక్షలు వ్రాస్తున్నాడు. మన మండలాల నుండి అలా వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. వారి తల్లిదండ్రులు జీతం ఎంత అని అడుగుతారు. అడగవలసిందే. దానితో పాటు మరి రెండు సంగతులు కూడా అడగమని నా మనవి. ఆ పని ఇచ్చేవాడు ముప్పై ఏండ్ల తరువాత ఏమి ఇస్తానని కాగితం మీద వ్రాస్తున్నాడు? ఆ కాగితం పిల్లవాడు చదివాడా? కాంట్రాక్టు పనైనా సరే, ప్రావిడెంటు ఫండు నంబరు వచ్చిందా, ఆరోగ్య బీమా ఉందా, కొత్త పింఛను ఖాతాలో యజమాని వాటా నెలనెలా జమ అవుతున్నదా అని చూసుకోవడం నేర్పాలి. ఈ పని మన పెన్షనర్లు బాగా చేయగలరు. జమా ఖర్చు చదవడం మన వృత్తి.

మరొక మనవి. మునుపు ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి మనమంతా బ్యాంకుకు, ట్రెజరీకి వెళ్ళే అలవాటు ఉండేది. ఆంధ్రా బ్యాంకు పుట్టింది నవంబరులోనే, పట్టాభి గారు పుట్టింది నవంబరులోనే. రాబోయే నవంబరు 24న మన సంఘం హాలులో ఆయన పటం పెట్టి, ఆ రోజు మండలంలోని నిరుద్యోగ యువకులను పిలిచి, బ్యాంకు, బీమా ఉద్యోగాల షరతులు తెలుగులో వివరించే ఏర్పాటు చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి విన్నవించుకొంటున్నాను. కౌంటరులో ఎవరైనా వృద్ధురాలికి అర్థం కాని ఇంగ్లీషు ఫారం ఇస్తే తెలుగు ఫారం అడిగి ఇప్పించడం కూడా మన పనిగానే పెట్టుకుందాం.



— ఒక విశ్రాంత గుమస్తా, వరికుంటపాడు